డ్రై సోల్డర్ పట్టుకోవడం: ట్రేడ్ టెస్ట్ ప్రాక్టికల్‌కు నేను ప్రిపేరైన తీరు

అనంతపురంలో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండేళ్ళు చదివి ట్రేడ్ టెస్ట్ పాసయ్యాను. ఈసారి రాయబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కువగా థియరీ గురించే అడుగుతున్నారు. పాత ప్రశ్నలు నాలుగైదుసార్లు తిరగేస్తే థియరీ దారికొస్తుంది. నాకు టెన్షన్ పెట్టింది ప్రాక్టికల్, అందులోనూ ఫాల్ట్ ఫైండింగ్. ముఖ్యంగా డ్రై సోల్డర్, అంటే పైకి అతికినట్టే ఉండి సరిగా పట్టని సోల్డర్ జాయింట్.

మోడల్ ప్రాక్టికల్‌లో ఎల్‌ఈడీ మిణుకుమంటున్న బోర్డు ఇచ్చారు. అనుమానం వచ్చిన జాయింట్లన్నిటికీ వరసగా సోల్డరింగ్ ఐరన్ తగిలించాను. లైట్ నిలకడగా వెలిగింది. సార్ వచ్చి, ‘ఏ జాయింట్ పోయింది?’ అన్నారు. చెప్పలేకపోయాను. ‘బోర్డు బాగైంది, ఫాల్ట్ మాత్రం నువ్వు కనుక్కోలేదు’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత రెండు నెలలు సాయంత్రాలు టవర్ క్లాక్ దగ్గర ఒక రిపేర్ షాపుకు వెళ్ళాను. ఒకరోజు ఒక రైతు బోరు మోటారు ఆటో స్టార్టర్ తెచ్చాడు. ‘పొద్దున బాగానే పట్టుకుంటాది, మధ్యాన్నం ఎండకు పడిపోతాది’ అన్నాడు. షాపు అన్న ఐరన్ ముట్టుకోలేదు. బోర్డు తిప్పి, లైటు కింద ఏటవాలుగా పట్టి, భూతద్దంలో చూడమన్నాడు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి వలయం. అదే జాయింట్‌లో పగులు. పక్కనే మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పడ్డప్పుడల్లా బోర్డు అదురుతుంది, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఆ అదురును పిన్నుల మీద వేస్తుంది, పైగా వేడికి పిన్ను ఒకలా, బోర్డు ఒకలా సాగుతాయి. అందుకే ముందుగా ట్రాన్స్‌ఫార్మర్, రిలే, కనెక్టర్, హీట్‌సింక్ ఉన్న పార్టుల కాళ్ళు చూడండి. సగం ఫాల్ట్‌లు కంటికే దొరుకుతాయి.

మీటర్ దగ్గర జాగ్రత్త. కరెంటు తీసేసి, కెపాసిటర్లు డిస్చార్జ్ చేశాకే పెట్టండి. బజర్ మోడ్‌లో, అంటే దారి కలిసి ఉంటే మోగే సెట్టింగ్‌లో, ప్రోబ్‌ను పిన్ను మీద గట్టిగా అదిమితే పగులు మూసుకుని బజర్ మోగుతుంది, చెయ్యి తీయగానే విడిపోతుంది. పైగా కొన్ని ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా బజర్ మోగుతూనే ఉంటుంది. నేను 200 ఓమ్ రేంజ్ పెట్టి, ముందు రెండు ప్రోబ్‌లు కలిపి వచ్చిన రీడింగ్ రాసుకునేవాణ్ణి. తర్వాత ఒకటి పైన కాంపొనెంట్ కాలు మీద, ఇంకొకటి కింద ఆ ట్రాక్ మీదే కాస్త దూరంగా పెట్టి, పార్టును మెల్లగా కదిపి అంకె ఆడుతుందేమో చూసేవాణ్ణి.

థియరీలో ఇదే పాఠం నుంచి వచ్చేది: 63/37 టిన్-లెడ్ సోల్డర్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరిగి అక్కడే గడ్డకడుతుంది. 60/40 మాత్రం 183 నుంచి దాదాపు 190 మధ్య సంగటిలా ఉంటుంది, ఆ క్షణంలో పార్టు కదిలితే జాయింట్ చెడుతుంది. లెడ్ లేని సోల్డర్‌కు ఎక్కువ వేడి కావాలి, సాధారణంగా వాడే రకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అది బాగా పట్టినా మసకగానే ఉంటుంది. మెరవలేదని డ్రై సోల్డర్ అని రాసేయకండి.

సరిచేసేటప్పుడు పాతదాని మీద కొత్త సోల్డర్ పూయొద్దు. పంపుతో పాతది లాగేసి, సోల్డర్ బాగా పట్టడానికి ఫ్లక్స్ పెట్టి, పిన్నునూ ప్యాడ్‌నూ కలిపి వేడిచేసి, సోల్డర్‌ను ఐరన్ ములికికి కాకుండా జాయింట్‌కు అందించండి. మామూలు పిన్నుకు రెండు మూడు సెకన్లు చాలు.

పరీక్షరోజు నాకు పవర్ సప్లై బోర్డు వచ్చింది. మొదటి పది నిమిషాలు ఐరన్ స్టాండ్‌లోనే ఉంచి, భూతద్దంతో చూస్తూ కూర్చున్నాను. అవుట్‌పుట్ కనెక్టర్ రెండో పిన్ను దగ్గర వలయం కనిపించింది. షీట్‌లో పిన్ను నంబరు, కదిపినప్పుడు రీడింగ్, సరిచేశాక రీడింగ్, మూడూ రాసి సంతకానికి ఇచ్చాను.