ఏటిగట్టు మీద రిహార్సల్

కార్తీకం వస్తే మా వీధివాళ్లని పంచారామాలకి తీసుకెళ్లేది నేనే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అమరావతి. అక్కణ్ణుంచి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూసుకుని మళ్లీ రాత్రికి కోనసీమలో మా ఇళ్లకి. దిగినచోటల్లా తలలు లెక్కపెట్టడం, పులిహోర పొట్లాలు పంచడం, బాత్రూములు వెతకడం నా పని. 2023 కార్తీకంలో సామర్లకోట నుంచి తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి మా పెద్దత్తయ్య అడిగింది. "ఒరే అబ్బాయ్, కేదారం కూడా ఇలాగే తిప్పెయ్యకూడదా?"

బస్సంతా నవ్వారు. నేను మాత్రం సరేనన్నాను. పంచారామాలు ఒక్కరోజులో తిప్పిన పొగరు అలాంటిది.

యమునోత్రి, గంగోత్రి, కేదారం, బదరీ, అక్కడి నాలుగు ధామాలూ చూడాలని మొదట అందరికీ ఉంది. యమునోత్రికి కూడా అయిదారు కిలోమీటర్లు కొండెక్కాలని తెలిశాక కేదారం, బదరీ రెండూ చాలన్నారు. ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద తగాదా. మాలో సగం మంది వరి రైతులు. దాళ్వా (రెండో పంట) కోతలై, కాలవలు కట్టేసిన మే నెలలోనే వాళ్లకి తీరిక, చేతిలో డబ్బు. జూన్‌లో నీళ్లొదిలాక కదలరు. జూన్ చివరికి అక్కడా వానలు మొదలవుతాయి. అక్టోబరు ప్రశాంతంగా ఉంటుందని ఎవరో అన్నారు గానీ, చేను మీద పంట పెట్టుకుని తుపాను రోజుల్లో ఊరొదిలి వచ్చేదెవరు? బదరీ తలుపులు తెరిచే రోజు వసంత పంచమికి, కేదారం రోజు శివరాత్రికి ప్రకటిస్తారు. 2024లో కేదారం మే 10న, బదరీ మే 12న తెరిచారు. మా పోలింగేమో 13న. ఓటేసి, తొలి వారం తొక్కిసలాట తగ్గాక 19న బయల్దేరి, జూన్ 4 లోపు ఇంట్లో ఉండాలన్నది తీర్మానం. ఓట్ల లెక్కింపు రోజున ఊళ్లో లేకపోతే మా బావ బతకడు.

తరవాతి తగాదా బస్సు మీద. మామూలుగా మనవైపు నుంచి కాశీ బస్సులు వంటవాళ్లతో సహా వెళ్తాయి కదా. "ఆయ్, మన బండిలోనే పోదామండీ, దారిపొడుగునా మన భోజనం" అన్నాడు బస్సాయన. భోజనం మాటకి పెద్దలందరూ అటు మొగ్గారు. నేను ఒప్పుకోలేదు. చార్‌ధామ్ దారిలో అద్దె బండికి రవాణా శాఖ ఇచ్చే గ్రీన్ కార్డు కావాలి, ప్రతి ట్రిప్పుకీ ట్రిప్ కార్డు కావాలి. అవి తెచ్చుకోవచ్చు. మా పల్లపు రోడ్ల మీద నడిపిన డ్రైవరు ఆ మలుపుల్లో ఎలా నడుపుతాడన్నది నా భయం. చివరికి ఢిల్లీ దాకా రైలు, హరిద్వార్ నుంచి అక్కడి డ్రైవర్లతో రెండు టెంపో ట్రావెలర్లు. పెద్దల కోపం చల్లారడానికి వంటాయన్ని మాత్రం వెంటబెట్టుకున్నాం. మొత్తం ఇరవై మూడు మందిమి, తలకి ఇరవై ఎనిమిది వేలు.

యాత్రకి ముందుగా చేయించుకోవాల్సిన రిజిస్ట్రేషన్ నేనే చేశాను, మూడు రాత్రులు. ఆధార్‌లో ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక, ఒకాయనకి ఒట్టి పొడి అక్షరం. ఇరవై మూడు మందికీ ఒకే తేదీ పడేవరకూ నిద్ర లేదు. ఆ టెన్షన్ దండగ కాలేదు. ఆ మే నెలలో జనం విరగబడటంతో అక్కడికక్కడ చేసే నమోదు ఆపేశారు. చేయించుకోకుండా వచ్చిన కుటుంబాలు రిషికేశ్‌లో సంచుల మీద కూర్చుని ఉండటం కళ్లారా చూశాం.

ఇక నడక. గౌరీకుండ్ నుంచి కేదారం సుమారు పదహారు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. మేముండేది సముద్రమట్టానికి పది మీటర్లు కూడా లేనిచోట. మా ఊళ్లో ఎత్తంటే ఏటిగట్టు, అది దాటితే వంతెన. అందుకని ఫిబ్రవరి నుంచి రోజూ పొద్దున్నే గట్టు మీద నడవాలని రూలు పెట్టాను. గట్టెక్కడం, దిగడం పదిసార్లు, ఆ పైన నాలుగు కిలోమీటర్లు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, కాళ్లకి కొత్త బూట్లు వేసుకుని ఆడవాళ్లు వరసగా గట్టెక్కుతుంటే పాలవాళ్లు సైకిళ్లు ఆపి చూసేవారు. హాజరు పుస్తకం కూడా పెట్టాను. అందులో అందరి పేర్లూ ఉన్నాయి, నాది తప్ప. నాకెక్కడ తీరిక? పొద్దున్నే ఫోన్లు, టిక్కెట్లు, రూముల అడ్వాన్సులు.

పథకంలో ఒక రోజు ఖాళీగా వదిలాను. ఏ ఊరూ లేదు, ఏ గుడీ లేదు. "ఆ రోజేం చేస్తాం? గది అద్దె దండగ" అని అందరూ పీకల మీద కూర్చున్నారు. మా బావైతే దాన్ని అక్కడి ఇంకో కొండగుడి తుంగనాథ్‌తో నింపేశాడు. నేను మళ్లీ కొట్టేశాను.

రిషికేశ్ నుంచి గుప్తకాశీ సుమారు 180 కిలోమీటర్లు. మనకి రాజమండ్రి నుంచి విశాఖ అంత. అది తొమ్మిది గంటలు పట్టింది. దేవప్రయాగ దగ్గర బళ్లు ఆపించాం. భాగీరథి ఒకవైపు, అలకనంద ఒకవైపు. కలిసిన చోటు నుంచి గంగ అని పేరు. మా పెద్దత్తయ్య చాలాసేపు చూసి, "మనకి ధవళేశ్వరం దాటాక గోదారి పాయలుగా విడిపోతుంది, వీళ్లకి పాయలన్నీ వచ్చి కలుస్తున్నాయిరా" అంది. అంతర్వేది నుంచి సీసాలో పట్టి తెచ్చిన నీళ్లు అక్కడ కలిపింది. ఆ సీసా ఆవిడ సంచిలో ఉన్నట్టు అప్పటిదాకా నాకు తెలీదు.

కేదారం రోజు తెల్లవారుజామున మూడున్నరకి లేచాం. సోన్‌ప్రయాగ్ నుంచి గౌరీకుండ్‌కి అక్కడి జీపుల్లోనే వెళ్లాలి, దానికే గంటన్నర క్యూ. పెద్దత్తయ్యనీ, మరో నలుగురినీ గుర్రాలెక్కించి మిగతావాళ్లం నడక మొదలెట్టాం. గట్టు బ్యాచ్ గట్టు బ్యాచే. ఆగి ఆగి, మాట్లాడుకుంటూ, ఒకే ఊపున పోతున్నారు. నాకు రెండో కిలోమీటరుకే ఆయాసం. నాలుగో కిలోమీటరు దగ్గర కుడి మోకాలు కలుక్కుమంది. భీంబలీ దాకా కర్ర మీద ఈడ్చుకుంటూ వెళ్లాను, గౌరీకుండ్ నుంచి ఆరు కిలోమీటర్లు. అక్కడ బెంచీ మీద కూర్చుంటే లేవలేకపోయాను.

అక్కణ్ణుంచి ఇంకొంచెం పైకెళ్తే రాంబాడా దగ్గర దారి మందాకిని దాటి అవతలి ఒడ్డుకి మారుతుంది. 2013 జూన్ వరదలో రాంబాడా కొట్టుకుపోయాక కొత్తగా వేసిన దారి అది. మావాళ్లు అటు వెళ్లిపోవడం చూస్తూ కూర్చున్నాను. గుర్రం దొరకలేదని ఇంటికొచ్చాక అందరికీ చెప్పాను. దొరికింది. ఆ లోయ పక్కన గుర్రమెక్కే ధైర్యమే దొరకలేదు. టీకొట్టు అబ్బాయి రెండు మ్యాగీలు పెట్టి, పక్కనెవరికో నన్ను చూపించి ఏదో అన్నాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది. మధ్యాహ్నం వాన మొదలైంది. కర్ర పట్టుకుని మెల్లగా కిందకి దిగాను.

మావాళ్లు రాత్రి పైనే ఉండి మర్నాడు దిగారు. అందరూ గుడి గురించి చెప్పేవాళ్లే. లింగం గుండ్రంగా ఉండదట, కొండరాయిలా కోసుగా ఉంటుందట, నెయ్యి రాసి దణ్ణం పెట్టుకున్నారట. మా బావ మాత్రం నా మొహం చూసి ఏమీ చెప్పలేదు.

బదరీ వెళ్లేరోజు జోషీమఠ్ దాటాక కొండ జారి రోడ్డు మూసుకుపోయింది. ముందూ వెనకా బళ్లు, ఒకపక్క లోయ. ఆరు గంటలు కూర్చుని, చీకటి పడటంతో జోషీమఠ్‌కే తిరిగొచ్చాం. 2023లో నేల కుంగి బీటలిచ్చిన ఇళ్లు ఇంకా కొన్ని అలాగే ఉన్నాయి. ఆ రాత్రి అక్కడే. ఖాళీ రోజు అలా ఖర్చయింది. దండగన్నవాళ్లెవరూ ఆ పూట నోరెత్తలేదు. నేను మాత్రం రెండుసార్లు గుర్తు చేశాను.

బదరీలో వంటాయనకి అవమానం జరిగింది. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లకి గుండిగలు దించిన మనిషి. ఎసరు తెర్లుతోంది, బియ్యం పోశాడు, ఎంతసేపటికీ మెతుకు మెత్తబడదు. నోట్లో వేసుకుంటే లోపల పలుకు. ఇంకో బిందె నీళ్లు పోశాడు. పైన గంజి, లోపల పలుకు. "బియ్యం మోసమండీ" అన్నాడు, అవి మా చేలో పండినవే. అంత ఎత్తున నీళ్లు తొంభై డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకుమించి వేడెక్కవు. సత్రం వంటింట్లోంచి పెద్ద కుక్కర్ అడిగి తెస్తే గానీ అన్నం అవలేదు. మర్నాడు ఆయన ఉప్మాతో సరిపెట్టి కుక్కర్ వంక చూడలేదు.

బ్రహ్మకపాలంలో మా నాన్నకి పిండం పెట్టాను. అక్కడి వేడినీళ్ల గుండం తప్తకుండంలో మునిగి, తడిబట్టలతో ఆ చలిలోకి వస్తే ఒళ్లంతా పొగలు. బ్రహ్మకపాలంలో పిండం పెడితే ఇక గయ కూడా అక్కర్లేదంటారు కొందరు. మా ఊరి పురోహితుడు ఒప్పుకోడనుకోండి.

ఊరొచ్చాక లెక్కలు కట్టాను. తలకి పదిహేడు వందలు మిగిలాయి. ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. పెద్దత్తయ్య డబ్బు తీసుకుని, లెక్కపెట్టుకుని, నోట్లన్నీ మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఇది నీ గుర్రానికి ఉంచుకో" అంది. "కళ్లు మూసుకుని ఎక్కెయ్. నేనూ అలాగే ఎక్కాను."