మూడు గుంపుల లెక్క: పాత జాతి కోళ్లతో నా అనుభవం

బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేస్తుంది. నేను పెంచే అసీల్ అనే పాత నాటు జాతి కోడి ఆ వయసుకి ఈకలు సగం సగం వచ్చి, కాళ్లు మాత్రం పొడుగ్గా సాగి, చూడ్డానికి బక్కగా ఉంటుంది. పాత జాతి అనిపించుకోవాలంటే 16 వారాల లోపు మార్కెట్ బరువుకు రాకూడదని అరుదైన పెంపుడు జాతుల్ని కాపాడే అమెరికా సంస్థ లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ షరతు పెట్టింది. వాటంతట అవే జతకట్టాలి, ఆరుబయట తిరుగుతూ ఏళ్ల తరబడి గుడ్లు పెట్టాలి అన్నవి ఇంకో రెండు షరతులు. తొందర ఉన్నవాళ్లు ఈ కోళ్ల జోలికి రాకపోవడమే మంచిది.

నేను గుడ్లతో మొదలుపెట్టాను. ప్రయాణం చేసి వచ్చిన గుడ్లను వెంటనే పొదగేయకూడదు. వెడల్పు వైపు పైకి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే లోపలి గాలి గది కుదురుకుంటుంది. ఇంక్యుబేటర్ కొనలేదు. పొదుగుకొచ్చిన అసీల్ పెట్టను మించిన యంత్రం లేదని నా నమ్మకం. వేడి, తేమ, గుడ్లు తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. చీకటి పడ్డాక దాని కింద గుడ్లు సర్దితే తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. రోజుకోసారి దిగి, మేత తిని, మట్టిలో పొర్లి, ముక్కు మూసుకునేంత వాసనతో ఇంత రెట్ట వేసి మళ్లీ గూట్లోకి పరిగెడుతుంది. జబ్బేమోనని టెన్షన్ పడక్కర్లేదు, పొదిగే పెట్ట రెట్ట అలాగే ఉంటుంది.

ఏడో రోజు రాత్రి గుడ్డుకి టార్చి ఆనించి చూశాను. జీవం ఉన్న గుడ్డులో ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటుంది. పిల్ల కట్టని గుడ్డు తేటగా ఉంటుంది. నరాలు పోయి ఎర్రటి వలయం ఒక్కటే మిగిలిందంటే లోపలి పిండం చచ్చిపోయినట్టే. అలాంటివి తీసేయకపోతే మురిగి, పగిలి, మిగతా గుడ్లనూ పాడుచేస్తాయి. పద్దెనిమిదో రోజు నుంచి గూటి జోలికి పోలేదు. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగాయి.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది టీకాల పని. కొక్కెర తెగులు సోకితే గుంపులో మిగిలేవి తక్కువ, కాబట్టి తప్పించుకోలేం. మొదటి వారంలో ఆ తెగులుకి లసోటా అనే టీకా వేయాలి. పిల్లను గుప్పిట్లో పక్కకు వంచి పట్టుకుని కంట్లో ఒక్క చుక్క వేసి, అది కన్నార్పి చుక్క లోపలికి ఇంకేదాకా వదలకూడదు. సీసాలో వందల డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లోనే వాడేయాలి. చిన్న ఫారం వాడికి సగానికి పైగా నేలపాలే. ఆ తర్వాత నేను భయపడింది తడి లిట్టర్‌కే, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టు తడవడానికే. పిల్లల షెడ్డులో నీళ్ల తొట్టి చుట్టూ తడిస్తే చాలు, రక్త పారుడు మొదలవుతుంది. తొట్టిని పిల్ల వీపు ఎత్తుకి లేపి పెట్టాక ఆ బాధ చాలావరకు తగ్గింది. గద్దల సంగతి తల్లిపెట్టే చూసుకుంది. నీడ కనబడగానే అదొక గొంతు చేస్తుంది, పిల్లలన్నీ పొదల్లోకి మాయం. అందుకే పొలంలో పొదలు కొట్టించను.

అసలు పని పుంజుల దగ్గర మొదలవుతుంది. అసీల్ పుంజుపిల్లలు చిన్నప్పుడే కలబడతాయి, మూడు నాలుగు నెలలకి విడదీయక తప్పదు. వలతో అడ్డుకడితే సరిపోదు. ఒకదానికొకటి కనబడితే వల మీదే రక్తాలు కారేలా పొడుచుకుంటాయి. కింది భాగం రేకుతో మూయించాను.

ఏ పుంజుని ఉంచుకోవాలి? బరువు, తురాయి, నిలబడే తీరు అన్నీ చూస్తాను కానీ మనిషి మీదికి ఎగిరే పుంజు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను. ఆ కోపం పిల్లలకీ వస్తుంది. చిన్న మందలో ఇంకో ప్రమాదం దగ్గరి రక్తం. అన్నాచెల్లెళ్లే జతకడుతూ పోతే గుడ్లలోంచి పిల్లలు దిగడం తగ్గుతుంది, పిల్లలు బలహీనపడతాయి. దానికి నేను పట్టుకున్న దారి మూడు గుంపులు. పెట్టపిల్లలు తల్లి గుంపులోనే ఉంటాయి. పుంజుపిల్లలు పక్క గుంపుకి వెళ్తాయి: ఒకటో గుంపువి రెండుకి, రెండువి మూడుకి, మూడువి మళ్లీ ఒకటికి. ఏది ఏ గుంపుదో తెలియడానికి కాళ్లకి మూడు రంగుల రింగులు వేశాను. పిల్ల పెరిగేకొద్దీ రింగు మార్చాలి, లేకపోతే కాలిలోకి దిగిపోతుంది.

పుంజుని మార్చిన వెంటనే గుడ్లు ఏరి పొదగేస్తే ఈ లెక్కంతా వృథా. పాత పుంజు వెళ్లిపోయాక కూడా దాని బీజం పెట్ట ఒంట్లో రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు నిలుస్తుంది. కాబట్టి మూడు వారాల గుడ్లు వంటింటికే. ఇంట్లోవాళ్లకి ఈ నియమం తెగ నచ్చింది.

ఇంకా తేలనిది మిగులు పుంజుల సంగతి. పుట్టినవాటిలో దాదాపు సగం పుంజులే, నాకు కావలసింది ఎనిమిది పది పెట్టలకి ఒకటి. బ్రాయిలర్ కంటే రెండింతలకు పైగా కాలం మేపితే గానీ బరువు తేలవు. అందుకని గుంపులు మూడు దాటనివ్వడం లేదు. ఏడాదికి ఎన్ని పెట్టల్ని పొదగనివ్వాలో కూడా మేత లెక్క చూసుకున్నాకే తేలుస్తున్నాను.