సంతకం పెట్టేది ఎవరు?

"డాక్టరమ్మ లేకుండా నువ్వే పురుడు పోసేస్తావంట, నిజమేనా అప్పా?"

రాజాం వెళ్ళినప్పుడల్లా మా చిన్నాన్న కూతురు నన్ను ఇదే అడుగుతుంది (మా వైపు అక్కని అప్ప అంటారు). శ్రీకాకుళంలో జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి ఇప్పుడు ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తోంది, పక్కన విదేశాలకి వెళ్ళడానికి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకి తయారవుతోంది. నిజమేనంటే దానికి సగం ఆశ్చర్యం, సగం అనుమానం. అది చదివిన చదువులో కాన్పులు ఉన్నాయి, లేబర్ రూమ్ పోస్టింగు ఉంది, పేరు పక్కన ఆర్‌ఎన్ (రిజిస్టరైన నర్సు), ఆర్‌ఎమ్ (రిజిస్టరైన మిడ్‌వైఫు, అంటే పురుడు పోసే మనిషి) అని రెండూ ఉన్నాయి. కానీ పురుడు తన బాధ్యత అని ఎవరూ దానికి ఎప్పుడూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

నేను పనిచేసే ఇంగ్లండులో ఆ రెండూ వేరు. అక్కడ ఈ వృత్తుల్ని అదుపులో ఉంచే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో నర్సులది ఒక భాగం, మిడ్‌వైఫులది మరొకటి. మన దగ్గర నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది నేను వెళ్ళినట్టే నర్సులుగా వెళ్తారు. నేను కొన్నాళ్ళు సర్జికల్ వార్డులో పనిచేసి, తర్వాత అక్కడే మళ్ళీ చదువుకుని మిడ్‌వైఫునయ్యాను. అక్కడ ఈ వృత్తికి చట్టం 1902లోనే వచ్చింది. ఇప్పుడున్న 2001 నాటి ఆర్డరు ప్రకారం, అత్యవసరమైతే తప్ప, కాన్పు చెయ్యడానికి అర్హత ఉన్నది రిజిస్టరైన మిడ్‌వైఫుకీ డాక్టరుకీ మాత్రమే. వేరేవాళ్ళు చేస్తే నేరం. కాన్పు మామూలుగా సాగుతున్నంత సేపూ మొదటినుంచి చివరిదాకా బాధ్యత నాదే. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపే ఇంజక్షన్ లాంటి కొన్ని మందులు డాక్టరు చీటీ లేకుండానే నేను ఇవ్వొచ్చు. దారి తప్పుతోందని అనుమానం వచ్చిన నిమిషంలో డాక్టరుని పిలవడం కూడా నా బాధ్యతే. పిలవకపోతే తప్పు నాది.

దీనికి ఇంకో వైపు ఉంది. అది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ట్రైనింగులో ఉన్నప్పుడు ఓ రాత్రి షిఫ్టు. మొదటి కాన్పు, నొప్పులు నెమ్మదించాయని వాటిని పెంచే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ నడుస్తోంది. డాక్టరు వచ్చి, చార్టు చూసి, డ్రిప్ ఇంకొంచెం పెంచమని చెప్పి బయటికి వెళ్ళబోయాడు. నాకు నేర్పే సీనియర్ మిడ్‌వైఫ్, బిడ్డ గుండె వేగాన్నీ నొప్పుల్నీ గీతలుగా గీసే సీటీజీ కాగితం చేత్తో పట్టుకుని, పది నిమిషాల్లో నొప్పులు ఎన్నిసార్లు వచ్చాయో వేలితో లెక్కపెట్టింది. ఆరు. ఐదు దాటితే గర్భాశయానికి ఊపిరి తీసుకునే సందు ఉండదు, బిడ్డకి రక్తం సరిగ్గా అందదు. నొప్పి తగ్గాక కూడా బిడ్డ గుండె వేగం వెంటనే కోలుకోవట్లేదు. "నేను పెంచను డాక్టర్, తగ్గిస్తున్నాను. మీరు ఒప్పుకోకపోతే కన్సల్టెంటుకి ఫోన్ చేద్దాం" అంది. గొంతు పెంచలేదు, క్షమించమనీ అనలేదు. అతను వెనక్కి వచ్చి కాగితం చూశాడు, సరే తగ్గించమన్నాడు. ఆమె టైముతో సహా ఇద్దరి మాటలూ రాసుకుంది. వాళ్ళ మధ్య ఏ గొడవా లేదు, ఓ గంట పోయాక కలిసి టీ తాగారు. టెన్షన్ అంతా నాదే.

మన దగ్గరైతే డాక్టరు పెంచమన్నాక సిస్టరు పెంచుతుంది. రేపు ఏదైనా అయితే "డాక్టరు గారు చెప్పారు" అనే మాట ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. ఇంగ్లండులో ఆ మాట నన్ను కాపాడదు. తప్పని తెలిసిన పనిని ఎవరో చెప్పారని చేస్తే, విచారణలో జవాబు చెప్పాల్సింది నేనే. ఆ విచారణ ఫలితం కౌన్సిల్ వెబ్‌సైటులో నా పేరుతో పెడతారు, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. అందుకే రాత పని అంత. ఎప్పుడు ఏం చూశాను, ఎవరిని పిలిచాను, వాళ్ళు ఎన్నింటికి వచ్చారు అన్నీ రాయాలి. కాన్పు రికార్డులు 25 ఏళ్ళు దాస్తారు. నేను ఈ రోజు రాసిన రాత, ఈ రోజు పుట్టిన బిడ్డ పెళ్ళి వయసుకొచ్చాక కూడా లాయరు చేతిలో పడొచ్చు.

రిజిస్టరులో పేరు నిలబెట్టుకోవడానికి మూడేళ్ళకోసారి రివాలిడేషన్ కూడా ఉంటుంది. 450 గంటల పని, 35 గంటల చదువు చూపించాలి, చేసిన పని గురించి ఆలోచించి రాసిన ఐదు రాతలు పెట్టాలి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, విసుగు పని.

నన్ను నిజంగా తలకిందులు చేసింది వేరే విషయం. కాన్పు గదిలో చివరి మాట ఎవరిది? మన ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇది అసలు ప్రశ్నే కాదు. అత్తగారు ఉంటారు, మొగుడు ఉంటాడు, డాక్టరమ్మ ఉంటుంది. మంచం మీదున్న మనిషి మాట వినేది ఆఖర్న. ఇంగ్లండు చట్టం దీన్ని పూర్తిగా తిరగేసింది. స్పృహలో ఉండి, ఆలోచించి చెప్పగల ఆడమనిషి వద్దంటే, అది వద్దే. తనకి ప్రమాదమైనా అంతే, కడుపులో బిడ్డకి ప్రమాదమైనా అంతే. పుట్టేదాకా బిడ్డకి చట్టంలో విడిగా హక్కు లేదు. 1998లో అక్కడి అప్పీలు కోర్టు ముందుకొచ్చిన కేసు ఒకటుంది. బీపీ ప్రమాదకరంగా పెరిగిన గర్భిణి ఆస్పత్రికి రానని, ఆపరేషన్ వద్దని చెబితే, మానసిక ఆరోగ్య చట్టం కింద పట్టి ఉంచి, బలవంతంగా సిజేరియన్ చేశారు. తల్లీ బిడ్డా బతికారు. అయినా కోర్టు అది చట్టవిరుద్ధమే అంది.

క్లాసులో ఈ కేసు చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇద్దరూ బతికారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలంటే. కానీ 2015లో వచ్చిన మాంట్‌గోమరీ తీర్పు చదివాక సంగతి ఇంకోలా కనపడింది. నాడీన్ మాంట్‌గోమరీ స్కాట్లండ్ మనిషి, పొట్టి, షుగర్ ఉంది. షుగర్ ఉన్న తల్లుల బిడ్డలు పెద్దగా ఉంటారు, తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోయే ప్రమాదం వందలో తొమ్మిది పది మందికి ఉంటుంది. ఆమె పదే పదే భయం చెప్పుకున్నా, చెబితే సిజేరియన్ అడుగుతుందని డాక్టరు ఆ ప్రమాదం సంగతి చెప్పలేదు. 1999లో కాన్పులో భుజాలు ఇరుక్కున్నాయి, బిడ్డకి ఆక్సిజన్ అందక శాశ్వతంగా నష్టం జరిగింది. ఏం చెప్పాలో డాక్టరు లెక్క ప్రకారం కాదు, ఆ పేషెంటుకి ఏది ముఖ్యమో ఆ లెక్క ప్రకారం చెప్పాలని బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. "నీకెందుకమ్మా అవన్నీ, మేం చూసుకుంటాం కదా" అనే మాట మన లేబర్ రూముల్లో నేను ఎన్నిసార్లు విన్నానో.

అక్కడ చదువుకున్న, ఉద్యోగాలున్న ఆడవాళ్ళు కావాలని ఇంట్లో కాన్పు అడుగుతారు. హాల్లో సోఫా జరిపి, నీళ్ళ తొట్టె గాలితో నింపి పెట్టుకుంటారు. మేం ఇద్దరం మిడ్‌వైఫులం గ్యాస్ సిలిండర్లు, మందుల సంచి, బిడ్డకి ఊపిరి పోసే సామాను కారులో వేసుకుని వెళ్తాం. దగ్గర్లో అంబులెన్సు ఉంటుంది, రోడ్డు ఉంటుంది. మొదటిసారి అలా వెళ్ళినప్పుడు నాకు సీతంపేట ఏజెన్సీ గుర్తొచ్చింది. సవర గూడేల నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో కట్టుకుని కొండ దింపేవాళ్ళకి ఇల్లు ఎంపిక కాదు. ఇంట్లో కాన్పు అని ఒకే మాట రెండు చోట్లా అంటాం గానీ, ఆ రెంటికీ సంబంధం లేదు.

మనవాళ్ళు వచ్చినప్పుడు నాకు వేరే కష్టం. తెలుగు భార్యాభర్తలు మొదటి అపాయింట్‌మెంటుకి వస్తారు. నేను అమ్మాయిని అడిగితే జవాబు అబ్బాయి చెబుతాడు. ప్రేమతోనే చెబుతాడు, అన్నీ గూగుల్ చేసి వస్తాడు. కానీ ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అన్న ప్రశ్న ప్రతి గర్భిణినీ ఒంటరిగా అడగాలి, అది రూలు. భర్తని దుబాసీగా పెట్టుకుని అడిగే ప్రశ్న కాదది. అందుకని బరువు చూడాలనో, యూరిన్ శాంపిల్ కావాలనో అమ్మాయిని పక్క గదికి తీసుకెళ్తాను. తెలుగులో అడిగేసరికి చాలామంది నవ్వేస్తారు. నవ్వనివాళ్ళూ ఉంటారు.

ఇక ఉగాదికి తెలుగువాళ్ళందరం ఓ హాల్లో కలిసినప్పుడు అసలు పరీక్ష. "మా ఆవిడ బ్లడ్ రిపోర్టు ఇంకా రాలేదు, మీరు సిస్టమ్‌లో ఓసారి చూసి చెప్పకూడదా అక్కా?" అని పులిహోర ప్లేటు పట్టుకుని అడుగుతారు. చూడకూడదు. నా దగ్గరకి పేషెంటుగా రాని మనిషి రికార్డు తెరిస్తే అది నేరం. ఎవరు ఏ నిమిషంలో తెరిచారో కంప్యూటరు రాసుకుంటుంది, ఉద్యోగం పోతుంది. ఇది చెబితే "ఇంత చిన్న సాయం" అని మొహం మాడ్చుకున్నవాళ్ళు ఉన్నారు. కానుకలదీ అదే గోల. చాక్లెట్ డబ్బా తెస్తే వార్డంతా పంచుకుంటాం. కవరులో డబ్బులు పెడితే మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని లేబర్ రూము గుమ్మంలోనే చేయి చాపడం చూసి పెరిగిన నాకు, ఈ ఒక్క రూలు మీద మాత్రం ఎప్పుడూ అనుమానం రాలేదు.

అక్కడంతా బంగారమని మా చెల్లి అనుకుంటుందేమోనని ఒక మాట గట్టిగా చెప్పాను. డోనా ఆకెండెన్ అనే సీనియర్ మిడ్‌వైఫ్ ఇంగ్లండులో ప్రభుత్వ ఆస్పత్రులు నడిపే ఓ ట్రస్టు మీద విచారణ చేసి 2022లో ఇచ్చిన రిపోర్టులో, సరిగ్గా చూసుకుని ఉంటే 201 మంది పసిబిడ్డలు, తొమ్మిది మంది తల్లులు బతికి ఉండేవారేమో అని తేలింది. మామూలు కాన్పే గొప్ప అనే పట్టుదల, తల్లులు చెప్పింది వినకపోవడం, సిబ్బంది లేకపోవడం అన్నీ ఉన్నాయి అందులో. అంటే డాక్టరుకి ఎదురుచెప్పే ధైర్యం ఉన్న మిడ్‌వైఫే, డాక్టరుని పిలవని అహంకారిగా కూడా మారొచ్చు. అక్కడ తప్పు జరిగితే చట్టం ప్రకారం తల్లి దగ్గర కూర్చుని ఏం జరిగిందో చెప్పాలి, క్షమాపణ అడగాలి. క్షమాపణ అడిగినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని 2006 చట్టం ఒకటి ఉంది కాబట్టి నోరు పెగులుతుంది. మన దగ్గర ఆ చట్టం లేదు, పైగా బయట బంధువులు కుర్చీలు విరగ్గొట్టడానికి సిద్ధంగా ఉంటారు. ఎవరు నోరు తెరుస్తారు?

ఈసారి సెలవుకి వెళ్ళేసరికి మా తమ్ముడి భార్యకి నెలలు నిండాయి. బిడ్డ అడ్డంగా ఉందని సిజేరియన్ అన్నారు. ఫారం మీద మా తమ్ముడు సంతకం పెట్టేశాడు, వాళ్ళ మావగారూ పెట్టేశారు. "అందులో ఏముందో చదివావా?" అని మరదల్ని అడిగాను. "లేదొదినా, ఆయన చూసుకున్నారు కదా" అంది. అక్కడున్న నర్సుని పక్కకి పిలిచి, అమ్మాయి సంతకం ఏది అని అడిగాను. "తీసుకుంటామమ్మా, ఆపరేషన్‌కి ముందర. కానీ రేపు ఏదైనా అయితే గొడవ చేసేది ఈళ్ళే కదా, అందుకే ముందు ఈళ్ళవి" అంది. ఆమె మాట కాదనలేకపోయాను. ఆ కాగితం ఆమెకి రక్షణ. కానీ చట్టం ఆ పక్కన లేదు. సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న వయసొచ్చిన కూతురి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని మన సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. అబార్షన్ చట్టంలో కూడా మేజరైన ఆడమనిషి ఒప్పుకోలు చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. ఇంగ్లండు దాకా వెళ్ళక్కర్లేదు, మన చట్టమే అలా ఉంది. మన అలవాటే వేరు.

నర్సు విసుక్కోలేదు, కాగితం మరదలి చేతికిచ్చింది. చదివి, "నడుంలో మత్తు ఇస్తే జీవితాంతం నడుం నొప్పి ఉండిపోద్దంట, నిజమేనా సిస్టర్?" అని అడిగింది. తొమ్మిది నెలలుగా ఆ భయం మోస్తోందని ఇంట్లో ఎవరికీ తెలియదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు గానీ జీవితాంతం ఉండదని నర్సు నిదానంగా చెప్పింది. అప్పుడు సంతకం పెట్టింది.

ఇదంతా మా చెల్లికి చెబితే చివరికి అది అడిగింది ఒకటే: "ఇవన్నీ సరే అప్పా, ఓఎస్‌సీఈలో వస్తాయా?" ఓఎస్‌సీఈ అంటే అక్కడి రిజిస్టరులో చేరడానికి పని చేసి చూపించే పరీక్ష. వస్తాయన్నాను. చెయ్యి వేసేముందు నీ పేరు చెప్పాలి, వాళ్ళ పేరు అడగాలి, ఒప్పుకున్నాకే ముట్టుకోవాలి, మర్చిపోతే ఫెయిల్ చేస్తారన్నాను. ఆ సాయంత్రమే బీపీ మిషను పట్టుకుని చిన్నమ్మ మీద ప్రాక్టీసు మొదలెట్టింది. "నమస్కారమండీ, మీ పూర్తి పేరు చెబుతారా? మీ బీపీ చూడొచ్చా?"

"ఏటే, కొత్తగా అడుగుతున్నావు?" అంది చిన్నమ్మ. "ఇప్పుడొద్దు. పొయ్యి మీద పులుసుంది."

చెల్లి మిషను పక్కన పెట్టి కూర్చుంది, పులుసు దించేదాకా.