గాయం మీద ఉప్పు

"గాయం మీద ఉప్పు రుద్దాలని కాదు గానీ..." అని ఆఫీసులో ఎవరైనా మొదలుపెట్టారంటే, ఆ ఉప్పు ఇప్పుడే పడబోతోందని లెక్క. రబ్ సాల్ట్ ఇన్ ద వూండ్ అనే ఈ ఇంగ్లీషు జాతీయం పరాయి దేశానికి ఉద్యోగం మీద వచ్చినవాళ్ల చెవిన తరచుగా ఇలా 'కాదు గానీ'తోనే పడుతుంది. అర్థం మనకి కష్టమేం కాదు, పుండు మీద కారం చల్లడమే. ఎప్పుడు, ఎవరితో అనాలో తెలియడానికే కాస్త టైము పడుతుంది.

మా టీమ్‌లో ఒకాయనకి రావాల్సిన ప్రమోషన్ వేరొకరికి వెళ్లింది. అది చాలదన్నట్టు, ఆ కొత్త లీడ్‌కి అభినందన లంచ్ ఏర్పాట్లు చూడమని ఆయనకే పురమాయించారు. పక్క సీటావిడ నా వైపు వంగి, గొంతు తగ్గించి ఈ మాటే అంది. ఆయన కిక్కురుమనకుండా లాప్‌టాప్ తెరిచి, ఎవరికి ఏ రోజు కుదురుతుందో అడిగి రాసుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

దీనికి దగ్గరి చుట్టం యాడ్ ఇన్సల్ట్ టు ఇంజురీ. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి ఫీడ్రస్ కథ ఒకటుంది. ఈగ కుట్టిందని ఒక బట్టతలాయన దాన్ని కొట్టబోయి తన నెత్తి మీదే చరుచుకుంటాడు. కుట్టిన దెబ్బ చాలక ఈ అవమానం కూడా తెచ్చుకున్నావని ఈగ వెక్కిరిస్తుంది. అక్కడ రెండో దెబ్బ వేరే. ఉప్పు సంగతి అలా కాదు, పాత గాయాన్నే మళ్లీ కెలుకుతారు.

డోంట్ రబ్ ఇట్ ఇన్ అన్నారని మాత్రం కంగారుపడక్కర్లేదు. మ్యాచ్ ఓడిపోయిన జట్టు అభిమానిని ఆటపట్టిస్తే నవ్వుతూ అనే మాట అది. ఉప్పు, గాయం పేర్లు పూర్తిగా వచ్చాయంటే మాత్రం నవ్వులాట కాకపోవచ్చు, ముఖం చూసి మాట్లాడాలి.

మనిషే చల్లాలని కూడా లేదట. ఒక స్నేహితుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. వీసా దానితోనే ముడిపడి ఉంది, ఇక్కడ ఇంకెన్నాళ్లు ఉండొచ్చో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. అంతలో పాత కంపెనీ సిస్టమ్ నుంచి "మాతో అయిదేళ్లు పూర్తి చేసినందుకు అభినందనలు" అంటూ ఆటోమేటిక్ మెయిల్. ఆ సంగతి చెప్తూ వాడూ ఉప్పు మాటే వాడాడు. ఇంగ్లీషులో పరిస్థితులు కూడా ఉప్పు రుద్దగలవు. మన కారం అనగానే మాత్రం నాకు చల్లే చెయ్యే గుర్తొస్తుంది. నాకైతే ఆ మెయిల్‌కి మూలిగే నక్క మీద తాటిపండే సరిపోతుందనిపించింది.