కాంట్రాక్టులో ఆ ఒక్క మాట రాయించల్ల

బరాకా అంటే మా చిత్తూరు పక్క చానా మందికి తెలీదు, అబుదాబీ నుంచి పడమరగా రువైస్ కూడా దాటిపోతే సముద్రం ఒడ్డున ఉంటుంది అణు విద్యుత్ ప్లాంటు, ఒక్కోటి 1,400 మెగావాట్ల కొరియా రియాక్టర్లు నాలుగు. 2009 చివర్లో కెప్కో అనే కొరియా కంపెనీకి ఆ కాంట్రాక్టు దక్కింది. నేను పోయింది వాళ్ల కింద ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర కేబుల్ పుల్లింగ్ గ్యాంగ్‌లోకి.

కేబుల్ చుట్టిన డ్రమ్ము మీద నంబరు, చేతిలో కాగితం మీద నంబరు, కేబుల్ పరిచే ట్రే మీద ట్యాగు మూడూ కలవల్ల, ఒక్క అంకె తేడా వచ్చినా నాణ్యత చూసే క్యూసీ ఆయన సంతకం పెట్టడు, ఆయన పెట్టేదాకా గ్యాంగంతా అట్లే నిలబడల్ల. ఎందుకింత పట్టుదలంటే, బరాకాకి మోడల్‌గా చూపించిన కొరియాలోని షిన్ కోరి అణు ప్లాంటు 3వ యూనిట్‌లోనే 2013లో కంట్రోల్ కేబుళ్లు టెస్ట్‌లో ఫెయిలయినాయి, వాటి సర్టిఫికెట్లు దొంగవని తేలింది, వేసిన కేబుళ్లు పీకి మళ్లీ వేసినారు, కొందరు జైలుకి కూడా పోయినారు. కొరియా వాళ్లంతటి వాళ్ల దగ్గరే అట్లా జరిగింది.

లీవుకి తిరుపతి వచ్చినప్పుడు మా బావ లీలామహల్ సర్కిల్ కాడ టీ తాగతా అడిగినాడు, "ఏరా బామ్మర్దీ, శ్రీకాకుళం కొవ్వాడలో అమెరికా వెస్టింగ్‌హౌస్ వాళ్ల రియాక్టర్లు ఆరు పెడతారంటనే, బయటోళ్లని రానీడం మంచిదేనా?"

రానీ బావా, తప్పేముంది అన్నా. కానీ సామాన్లు అమ్మి డబ్బులు తీసుకుని పోతామంటే మాత్రం ఒప్పుకోకూడదు. బరాకాలో కెప్కో కట్టేసి చేతులు దులుపుకోలేదు, ప్లాంటు నడిపే కంపెనీలో 18 శాతం వాటా తీసుకుంది, ప్లాంటు ఆగితే వాళ్లకీ దెబ్బే. అణు ప్రమాద పరిహారం మీద మన 2010 చట్టంలో సెక్షన్ 17(బి) అని ఉండేది, సప్లయర్ ఇచ్చిన సామాన్లో లోపం వల్ల ప్రమాదం జరిగితే ప్లాంటు వాళ్లు కట్టిన పరిహారం ఆ సప్లయర్ దగ్గర రాబట్టుకోవచ్చు. భోపాల్ చూసిన దేశం కాబట్టి పెట్టుకున్నాం. బయటి కంపెనీలు దాన్నే సాకుగా చూపించి ఏళ్ల తరబడి ముందుకు రాలేదు, 2025 డిసెంబర్‌లో కొత్త చట్టం తెచ్చి దాన్ని తీసేసినారు. ఇప్పుడు కాంట్రాక్టులో రాసుకుని ఉంటేనో, కావాలని చేసినారని తేలితేనో తప్ప సప్లయర్‌ని అడిగే దారి లేదు.

అందుకే బావకి గట్టిగా చెప్పినా, కొవ్వాడ కాంట్రాక్టు మీద సంతకాలు పడకముందే, సామాన్లో లోపం వల్ల ప్రమాదం జరిగితే పరిహారం సప్లయర్ దగ్గర రాబట్టుకోవచ్చనే ఆ మాట అందులో రాయించల్ల, మన ఎంపీలు దాని గురించి పార్లమెంట్‌లో అడగల్ల. రియాక్టర్లు వచ్చి కూర్చున్నాక అడిగితే ఎవురూ పలకరు.