‘ద బెండ్స్’ను పన్నెండు పాటలూ వరుసగా వినిపించడం: నా అనుభవం

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేముంటున్న పేటలో, నెలకొకసారి గ్రంథాలయం హాలులో కూర్చుని ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా కలిసి వినే చిన్న బృందం ఒకటి ఉంది. వినిపించే వ్యక్తి పది నిమిషాలకు మించకుండా పరిచయం చెప్పాలి, పాటలు సాగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్లు తలుపు దగ్గరి బల్ల మీద పెట్టేయాలి, చివర ఎవరికి తోచింది వారు చెప్పవచ్చు. నా వంతు వచ్చినప్పుడు రేడియోహెడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం 1995 మార్చిలో విడుదల చేసిన రెండో ఆల్బమ్ ‘ద బెండ్స్’ను ఎంచుకున్నాను. ఆ ఐదుగురూ మాకు ఉత్తరాన ఉన్న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, ఆబింగ్డన్‌లోని ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. పైగా వాళ్ళ పేరెత్తితే అందరూ మూడో ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’ దగ్గరికి పరుగెత్తుతారు గాని, రెండోదాన్ని దానికి మెట్టుగా మాత్రమే చూస్తారన్న కినుక నాకు చాలాకాలంగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది ఆ పది నిమిషాల పరిచయమే. రాసుకున్నదంతా చదివితే అరగంట దాటుతోంది. ఏది తీసేయబోయినా అదే ముఖ్యమనిపిస్తోంది. మన దగ్గర సినిమా పాటకు సందర్భాన్ని సినిమాయే చెబుతుంది, ఆడియో క్యాసెట్‌లో పాటల వరుస సినిమాలోని వరుసతో కలవకపోయినా మనం పట్టించుకోము. ఆ అలవాటులో పెరిగిన నాకు రాక్ ఆల్బమ్‌కు సందర్భం ఎక్కడుందో తేల్చుకోవడానికే కొంతకాలం పట్టింది. అది ఆ బృందం అంతకుముందు చేసిన పనిలో ఉంటుంది, పాటల వరుసలో ఉంటుంది. అందువల్ల ఒక పద్ధతి పెట్టుకున్నాను: తెలియకపోతే పాట చెవికెక్కదనుకున్న సంగతి ముందే చెప్పాలి, వింటే తెలిసేదాన్ని వదిలేయాలి, ఫలానా పాట ఫలానా విషయం గురించి అన్న మాటను మాత్రం చర్చ దాకా ఆపాలి.

ఆ పద్ధతి ప్రకారం ముందు చెప్పక తప్పనిది వాళ్ళ ‘క్రీప్’ పాట కథ ఒక్కటే. 1992 సెప్టెంబరులో ఆ పాట వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొదట ఇజ్రాయెల్‌లో, తర్వాత అమెరికాలో అది జనంలోకి వెళ్ళాక, 1993లో ఇక్కడ మళ్ళీ విడుదల చేస్తే అమ్మకాల పట్టికలో ఏడో స్థానం దాకా ఎక్కింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’లో మిగతా పాటలు ఉన్నాయన్న సంగతే చాలామందికి గుర్తులేదు. కచేరీకి వచ్చినవాళ్ళు ఆ ఒక్క పాట కోసం ఎదురుచూసి, అది అయిపోగానే లేచి వెళ్ళిపోయే పరిస్థితిలో, రెండో ఆల్బమ్ ఎలా చేయాలన్నది వాళ్ళ ముందున్న చిక్కు. ఈ నేపథ్యం తెలియకుండా ‘మై ఐరన్ లంగ్’ వింటే అది గోలగా మాత్రమే వినిపిస్తుంది; తెలిసి వింటే, తమను బతికిస్తున్న పాటే తమను ఊపిరాడనివ్వడం లేదని అదే శ్రోతల ముఖాన చెప్పిన పాట అవుతుంది. పోలియో రోగులను పడుకోబెట్టి ఊపిరి ఆడించిన ఇనుప యంత్రం పేరు ఊరికే పెట్టలేదు.

రికార్డింగ్ కథలో చాలా భాగాన్ని కత్తిరించాను. 1994 మొదట్లో లండన్‌లోని ఆర్‌ఏకే స్టూడియోలో నిర్మాత జాన్ లెకీతో పని మొదలైంది. అక్టోబరుకల్లా ఆల్బమ్ కావాలని, అంతకంటే ముందే ఒక హిట్ సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) కావాలని రికార్డు కంపెనీ పట్టుబట్టింది. సింగిల్‌కు పనికొస్తాయనుకున్న నాలుగు పాటల చుట్టూ తిరుగుతూ ఏదీ తెమలక, చివరకు పని ఆపి విదేశీ కచేరీలకు వెళ్ళారు. అప్పటికి స్టూడియోలో బిగుసుకుపోయిన పాటలు వేదిక మీద వదులయ్యాయని నా నమ్మకం. అందుకే ‘మై ఐరన్ లంగ్’కు వాద్యాలన్నీ 1994 మేలో లండన్ ఆస్టోరియాలో జరిగిన కచేరీ నుంచే తీసుకుని, గొంతు మాత్రం మళ్ళీ పాడించారు. తిరిగి వచ్చాక ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేనర్ స్టూడియోలో, లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో మిగతా పని ముగించారు. మిక్సింగ్‌ను మొదటి ఆల్బమ్ నిర్మాతలైన షాన్ స్లేడ్, పాల్ కోల్డరీలకే అప్పగించారు. ఇంజనీరుగా పనిచేసిన నైజెల్ గాడ్రిచ్ తర్వాతి కాలంలో వాళ్ళకు శాశ్వత నిర్మాత అయ్యాడు గాని, ఆ సంగతి ముందే చెబితే అందరి ధ్యాసా మళ్ళీ మూడో ఆల్బమ్ మీదికి పోతుందని కావాలనే దాచాను.

సౌండ్ సరిచేయడానికి మధ్యాహ్నమే హాలుకు వెళ్ళాను. ఈ ఆల్బమ్‌కు వాల్యూమ్ పెట్టడం తేలిక కాదు. ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’ మొదట్లో ఒక అకూస్టిక్ గిటారు, బృందం గాయకుడు టామ్ యార్క్ గొంతు తప్ప మరేమీ ఉండవు; ఆర్గన్, తంత్రీ వాద్యాలు మెల్లగా చేరతాయి; ఎలక్ట్రిక్ గిటార్లన్నీ ఒక్కసారిగా పడేది చాలా ఆలస్యంగా. మొదటి చరణాన్ని బట్టి వాల్యూమ్ పెడితే అక్కడ చెవులు మూసుకోవలసి వస్తుంది. అందువల్ల ఆ పెద్ద భాగాన్ని ముందు మోగించి, అది చెవికి సుఖంగా ఉండే స్థాయి చూసుకుని, మళ్ళీ మొదటికి వస్తే, గొంతు కంటే టీ పాలు పెట్టిన చిన్న ఫ్రిజ్ మోటారు చప్పుడే ఎక్కువగా వినిపించింది. ఆ సాయంత్రానికి ఫ్రిజ్ ఆపేసి, పాలను కిటికీ బయట గట్టు మీద పెట్టాము. ఫిబ్రవరి చలికి అవి ఏమీ కాలేదు. అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ కచేరీకి వెళ్ళి వచ్చిన తర్వాత యార్క్ ఆ పాటను రెండు సార్లు పాడి ఏడ్చేశాడని చెబుతారు. దాన్ని కూడా చర్చ దాకా ఆపాను, ఎందుకంటే ముందే చెబితే అందరూ ఏడుపు కోసం వెతుకుతారు.

నలభై ఎనిమిది నిమిషాలూ ఎవరూ కదల్లేదంటే అతిశయోక్తి అవుతుంది. ‘హై అండ్ డ్రై’ దగ్గర ఇద్దరు ముగ్గురు కాళ్ళతో తాళం వేశారు, ‘బోన్స్’ దగ్గర ఒకాయన గడియారం చూసుకున్నాడు. కానీ ఎక్కువ స్వరాలు, ఎక్కువ కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) ఎవరు ఇరికించగలరని యార్క్, గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ పోటీపడి కట్టిన ‘జస్ట్’ మొదలయ్యేసరికి అందరూ సర్దుకుని కూర్చున్నారు. గిటారు కింది నుంచి పైకి ఎగబాకుతూ చెవికి గుచ్చుకునే దాకా పోయి ఆగుతుంది. ఆ వెంటనే ‘మై ఐరన్ లంగ్’. ఈ రెండు పాటలను పక్కపక్కన పెట్టడంలోనే ఆల్బమ్ ధైర్యమంతా ఉందని నా అభిప్రాయం. విడిగా వింటే అది తెలియదు.

చర్చలో మొదటి ప్రశ్న మా ఆఫీసు మిత్రుడి కూతురిది. పదహారేళ్ళ పిల్ల, తండ్రి పక్కన కూర్చుని శ్రద్ధగా విని, నావైపు తిరిగి తెలుగులోనే అడిగింది: “అంకుల్, మరి ఇందులో క్రీప్ లేదేంటి?” నవ్వినవాళ్ళకు ఆమె ప్రశ్న నేను ఇంగ్లీషులో చెప్పాక ఇంకా నవ్వొచ్చింది, కానీ 1995లో చాలామంది శ్రోతల మనసులో ఉన్న ప్రశ్న అదే. అమెరికాలో ఈ ఆల్బమ్ 88వ స్థానం దాటలేదు. బ్రిటన్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది.

ఆసుపత్రిలో పనిచేసే కేరళ నర్సు ఒకామె మాత్రం పాటల గురించి కాకుండా అట్ట మీది బొమ్మ గురించి మాట్లాడింది. ఐరన్ లంగ్‌ను ఫొటో తీద్దామని అట్ట బొమ్మల చిత్రకారుడు స్టాన్లీ డాన్‌వుడ్, యార్క్ ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి వెళ్ళి, అది చూడటానికి ఏమీ బాగోలేదని, గుండె ఆగినవారిని బతికించే శిక్షణకు వాడే బొమ్మను వీడియో తీసి, టీవీలో వేసి, ఆ తెరను ఫొటో తీశారని నేను చెప్పాను. “అలాంటి దాని ఛాతీ మీద ఏటా నొక్కుతాం, మాకు దాని ముఖం చూడటమే ఉండదు” అని ఆమె అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తనకు చివరి పాట ‘స్ట్రీట్ స్పిరిట్’ కంటే ‘బుల్లెట్ ప్రూఫ్’ నచ్చిందని, రాత్రి డ్యూటీ చేసేవారికి అది తెలిసిన నిశ్శబ్దమని అంది.

‘సల్క్’ ఆల్బమ్‌లో బలహీనమైన పాటని నేను అన్నప్పుడు, న్యూబరీ వైపు పెరిగిన ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. 1987 ఆగస్టు 19న రెడింగ్‌కు పశ్చిమాన ఉన్న హంగర్‌ఫర్డ్‌లో ఒక యువకుడు తుపాకితో పదహారు మందిని కాల్చి చంపి, తననూ కాల్చుకున్నాడు. ఆ పాట ఆ ఘటన తర్వాత యార్క్ రాసినది. తుపాకిని ప్రస్తావించిన చివరి మాటను, 1994లో నిర్వాణ బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్ తుపాకితో కాల్చుకుని చనిపోయాక, రికార్డింగులో మార్చేశారు. “మీకది గట్టిగా పాడిన మామూలు పాట, మాకు మా పక్క ఊరు” అన్నాడాయన. పాట కూర్పు మీద నా అభిప్రాయం ఇప్పటికీ అదే. కానీ అక్కడున్నవారిలో ఆ పాట గురించి నాకంటే ఎక్కువ చెప్పగలిగిన మనిషి ఆయనే, అందుకే మిగిలిన సమయంలో ఎక్కువ భాగం ఆయనకే వదిలాను.

లేచే ముందు, వచ్చేసారి ‘ఓకే కంప్యూటర్’ వింటే వరుస బాగుంటుందని ఒకరు అన్నారు, చాలామంది చేతులెత్తారు. నేను వద్దన్నాను. మూడోది ఎవరైనా ఇంట్లో వినవచ్చు. ‘పాబ్లో హనీ’ని పన్నెండు పాటలూ ఇలా కూర్చుని విన్నవారు ఆ గదిలో ఇద్దరికి మించి లేరు, దాన్ని వినకుండా రెండోదాని గొప్పతనం సగమే తెలుస్తుంది. ఆ పిల్ల నా పక్షాన చేయెత్తింది, అందులో క్రీప్ ఉంది కాబట్టి. ఓటింగు సమానమైంది, నిర్వాహకురాలు రెండు పేర్లూ పుస్తకంలో రాసుకుని, నిర్ణయాన్ని తర్వాతి వంతు ఎవరిదో వారికే విడిచిపెట్టింది.