గేములో ఆడవేషం, మగవేషం

నెల్లూరు ట్రంకు రోడ్డులో టీకొట్టు ముందైనా, ఒంగోలులో హాస్టల్ మెట్ల మీదైనా, నలుగురు కుర్రాళ్ళు తలలు వంచుకుని స్క్వాడ్‌గా, అంటే ఒకే జట్టుగా గేము ఆడుతుంటే ఆ ఫోన్లలోకి ఒకసారి తొంగిచూడండి. అందులో ఒకడి బొమ్మ అమ్మాయి అయి ఉండటం మామూలే. వెనక నిలబడ్డ పెద్దాయన అడుగుతాడు, "ఏంది అబ్బయ్యా, ఆడబొమ్మ పెట్టుకున్నావే?" అని. కుర్రాడు నవ్వేసి ఊరుకుంటాడు. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదది. ఆ జవాబును విడమరిచి చెప్పాలనే ఈ పోస్టు.

ముందు కెమెరా సంగతి. బీజీఎంఐ, ఫ్రీఫైర్ మ్యాక్స్ లాంటి తుపాకీ ఆటలు మనవాళ్ళు ఎక్కువగా ఆడేది థర్డ్ పర్సన్‌లో. కెమెరా బొమ్మ వెనక, భుజానికి కాస్త పైన ఉంటుంది. మ్యాచ్ అరగంట సాగితే ఆ అరగంటా కంటి ముందుండేది మన బొమ్మ వీపు, జుట్టు, నడక. మొహం కనపడేది మ్యాచ్‌కు ముందు ఆగే లాబీలోనే. "అంతసేపు చూడాల్సిందే అయితే చూడబుద్ధయ్యే బొమ్మనే పెట్టుకుంటా" అని మగపిల్లలు చెప్పే మాట సాకు అనుకోనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో సీతమ్మ బొమ్మను ఆడించేవాడు తాను సీతననుకోడు. తెర మీద బొమ్మ అందంగా ఆడాలనుకుంటాడు. వీళ్ళదీ అదే చూపు. దీన్ని పరీక్షించడమూ తేలికే. అదే కుర్రాణ్ణి ఫస్ట్ పర్సన్ మోడ్‌లో ఆడమనండి. అక్కడ కనపడేది రెండు చేతులూ తుపాకీయే. బొమ్మ ఆడదా మగదా అన్న పట్టింపు సగానికి సగం తగ్గిపోతుంది.

రెండోది, కొన్ని గేముల్లో మనం ఎంచుకునేది నైపుణ్యాన్ని. ఫ్రీఫైర్‌లో కెల్లీని పెట్టుకునేది వేగంగా పరిగెత్తడానికి. మోకోను పెట్టుకునేది మన తూటా తగిలిన శత్రువు ఎక్కడున్నాడో కాసేపు తెలియడానికి. ఇద్దరూ ఆడ క్యారెక్టర్లే, ఎంచుకునేవాడికి ఆ ఊహే ఉండదు. పైగా అందులో ఒక క్యారెక్టర్‌కు వేరే క్యారెక్టర్ల స్కిల్స్ కూడా కలిపి పెట్టుకోవచ్చు గనక కెల్లీ ఒంటికి అలోక్ అనే మగ క్యారెక్టర్ స్కిల్ తగిలించుకుని కూడా ఆడతారు. వాలరెంట్ అనే తుపాకీ ఆటలో జెట్‌నో సేజ్‌నో తీసుకోవడమూ ఇట్టాంటిదే. ఒకరు దూసుకుపోవడానికి, ఇంకొకరు జట్టుకు వైద్యం చేయడానికి.

డబ్బు పోయేది మాత్రం బట్టల దగ్గర. ఫ్రీఫైర్‌లో చాలా బండిల్స్, అంటే బట్టల సెట్లు, మగ క్యారెక్టర్‌కు వేరు, ఆడ క్యారెక్టర్‌కు వేరు. డైమండ్లు (గేము డబ్బు) పోసి మగ బండిల్ కొన్నాక ఆడ క్యారెక్టర్‌కు మారితే ఆ బండిల్ పెట్టెలోనే ఉండిపోతుంది, ఒంటికి ఎక్కదు. అందుకే ముందు క్యారెక్టర్ స్థిరపరచుకుని, దాని మీదే ప్రివ్యూ చూసి, తర్వాత కొనాలి. బీజీఎంఐలో కొత్త ఐడీ తెరిచినప్పుడే ఆడా మగా అడుగుతుంది. తర్వాత మార్చాలంటే ఇన్వెంటరీలో రూపం మార్చే గుర్తు నొక్కాలి, బీపీ అనే గేము నాణేలు ఖర్చవుతాయి. రూపం మారినంత మాత్రాన పేరు మారదు, దానికి రీనేమ్ కార్డు కావాలి. జెన్‌షిన్ ఇంపాక్ట్‌లో మొదట్లో అన్నాచెల్లెళ్ళలో ఎవరిని ఎంచుకుంటే చివరిదాకా వాళ్ళే. మార్చుకునే దారి లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2020 నుంచి గేములోని క్షౌరశాలలోనే, గేము బంగారంతోనే మార్చుకోవచ్చు. అంతకుముందు నిజమైన డబ్బు కట్టాల్సి వచ్చేది. తొందరపడి ఎంచుకునే ముందు ఏ గేములో వెనక్కి రావచ్చో, ఏ గేములో రాలేమో తెలుసుకోవడం మేలు.

"ఆడబొమ్మ సన్నం, తూటాలు తక్కువ తగుల్తాయి" అని నమ్మేవాళ్ళు మన దగ్గర బాగానే ఉన్నారు. తూటా తగిలిందా లేదా అని గేము లెక్కగట్టేది కనపడే ఒంటితో కాదు, లోపలుండే కనపడని చట్రంతో. దాన్నే హిట్‌బాక్స్ అంటారు. తేటగా తెలిసే ఉదాహరణ మైన్‌క్రాఫ్ట్. 2014లో వచ్చిన అలెక్స్ చేతులు 3 పిక్సెళ్ళ వెడల్పు, స్టీవ్ చేతులు 4. చూపుకు తేడా ఉంది. హిట్‌బాక్స్ మాత్రం ఇద్దరికీ ఒకటే, 0.6 బ్లాకుల వెడల్పు, 1.8 బ్లాకుల ఎత్తు. ఓవర్‌వాచ్ లాంటి వాటిలో హీరోను బట్టి హిట్‌బాక్స్ నిజంగానే మారుతుంది, కానీ అది ఆ హీరో కొలత, ఆడామగా కొలత కాదు. ఆడామగా తేడా ఏ గేములోనూ ఎప్పుడూ లేదని కాదు. 2002 నాటి మొర్రోవిండ్ అనే గేములో ఆడా మగా క్యారెక్టర్లకు బలం, ఓర్పు అంకెలు వేరువేరుగా ఉండేవి. అదే వరసలో 2011లో వచ్చిన స్కైరిమ్‌కు ఆ తేడా తీసేశారు.

ఇక మనుషులు మనతో ఎట్టా మాట్లాడతారన్నది. ఇది పాత సంగతే. 1990లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన లాంబ్డామూ అనే గేము లాంటి లోకంలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. అక్కడ కూడా ఆడపేరుతో అడుగుపెడితే చాలు, అడక్కుండానే సాయం చేసేవాళ్ళు, వెంటపడేవాళ్ళు మూగేవారు. 1993లో ఎమీ బ్రక్‌మన్ అనే పరిశోధకురాలు ఇట్టాంటి లోకాల గురించి ఈ సంగతే రాసింది. ఇప్పుడు జరిగేదీ అదే. ఆడ ఐడీ నాక్ అయితే, అంటే దెబ్బతిని పడిపోతే, రివైవ్ చేసి లేపడానికి ముగ్గురూ పరిగెత్తుకొస్తారు, ఆకాశం నుంచి పడే ఎయిర్‌డ్రాప్ పెట్టెలో దొరికిన మంచి తుపాకీ ముందు ఆమెకే పెడతారు. ఈ లాభం కోసం వేషం మార్చేవాళ్ళు ఉన్నారు. అందరూ అందుకే మారుస్తారని అనడం మాత్రం తప్పు.

2014లో రోజా మార్టే, ఆమెతో పనిచేసిన పరిశోధకులు ప్రకటించిన పని ఇక్కడ చెప్పుకోదగ్గది. 375 మందిని వార్‌క్రాఫ్ట్‌లో ఒక ప్రత్యేకమైన క్వెస్ట్ (గేము అప్పగించే పని) ఆడించి, ప్రతి అడుగూ, ప్రతి మాటా నమోదు చేశారు. మగవాళ్ళలో 23 శాతం ఆడబొమ్మను, ఆడవాళ్ళలో 7 శాతం మగబొమ్మను తీసుకున్నారు. ఆడబొమ్మ తీసుకున్న మగవాళ్ళు రాసే మాటల్లో ఆశ్చర్యార్థకాలు, భావాలు పలికే మాటలు ఎక్కువయ్యాయి. కదలికలు మాత్రం మారలేదు. గుంపుకు దూరంగా నిలబడటం, వెనక్కి వెనక్కి నడవడం, ఊరికే గెంతడం, అన్నీ మగ ఆటగాళ్ళ తీరే. నాలుక వేషం వేసుకుంది, చెయ్యి వేసుకోలేదు.

ఇది చదివితే నెల్లూరువాడికి బృహన్నల గుర్తురాకుండా ఉండదు. తిక్కన ఇక్కడే, పెన్న ఒడ్డున, మహాభారతాన్ని విరాటపర్వంతోనే ఎత్తుకున్నాడు. అందులో అర్జునుడికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. నడక, పాట, ఆట, అన్నీ మార్చుకోగలడు. అల్లెతాడు ఒరుసుకుని ముంజేతుల మీద కాసిన కాయలను ఎట్టా మారుస్తాడు? గాజులు తొడుక్కుని కప్పుకున్నాడు. మన ఆటగాళ్ళకు ఆ కాయలు గొంతులో ఉన్నాయి. మైక్ వేస్తే బయటపడతాయి.

మగవేషం వేసుకునే అమ్మాయిల మాట దగ్గరికి వద్దాం. ఎక్కువమంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వాళ్ళు కోరుకునేది ప్రశాంతంగా ఒక ఆట. ఆడ ఐడీ కనపడగానే "నిజంగా అమ్మాయివేనా? మైక్ ఆన్ చెయ్", "ఇన్‌స్టా ఐడీ చెప్పు", మ్యాచ్ అయ్యాక వరసగా ఫ్రెండ్ రిక్వెస్టులు. పెద్ద నగరంలో అయితే ఇంతటితో పోతుంది. మన ఊళ్ళు చిన్నవి. "మీది కావలి ఊరేనా? ఏ కాలేజీ?" అని రెండు ప్రశ్నలు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఇల్లు కూడా చెప్పగలరు. కందుకూరులోనో మార్కాపురంలోనో ఉన్న అమ్మాయి మగబొమ్మ పెట్టుకుందంటే అది తలుపుకు గడియ పెట్టుకోవడం లాంటిది.

ఆ గడియ గట్టిగా ఉండాలంటే కొన్ని చూసుకోవాలి. సోషల్ మీడియా అకౌంట్‌తో లాగిన్ అయితే తెలిసినవాళ్ళ జాబితాలోకి ఐడీ చేరిపోయే వీలుంది, కాబట్టి గేము కోసం విడిగా ఒక మెయిల్ ఉంచుకోవడం మంచిది. పేరులో ఊరు, పుట్టిన సంవత్సరం పెట్టకూడదు. అదే పేరు ఇన్‌స్టాలోనూ ఉంటే వేషం వేసుకుని ప్రయోజనం లేదు. వాయిస్‌లో వినడం ఆన్, మాట్లాడటం ఆఫ్. మాట్లాడలేని లోటును క్విక్ చాట్ చక్రం, మ్యాప్ మీద పెట్టే గుర్తులు చాలావరకు తీరుస్తాయి. శత్రువు ఇటు, మందుగుండు కావాలి, ఇక్కడికి రండి, కారు ఎక్కండి, ఈ నాలుగూ చక్రంలో వేలికి అందే చోట ముందే సర్దుకోవాలి. శత్రువు మీదికి రష్ చేసేటప్పుడు గుర్తు పెట్టే తీరిక ఉండదు. అందుకని మైక్ లేకుండా ఆడేవాళ్ళకు దూరం నుంచి కాపుకాసే పని నప్పుతుంది, ముందుండి దూసుకెళ్ళే పని నప్పదు. పొరపాట్లు జరిగేది చిన్న చోట్ల. అప్‌డేట్ అయ్యాక మైక్ ఎట్టా ఉందో చూసుకోకపోవడం, పక్కనుంచి అమ్మ "పాపా, అన్నానికి రా" అని కేక వేయడం. గొంతు మార్చే యాప్‌ల జోలికి పోవద్దు. మాట ఆలస్యంగా చేరుతుంది, ఫోను వేడెక్కుతుంది, ముక్కూమొహం తెలియని యాప్‌కు మైక్ అప్పగించినట్టవుతుంది.

మైక్ వేసినా కొంతదూరం కాపాడేది మన భాషే. హిందీ మేట్లతో ఆడితే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. వస్తున్నానని చెప్పాలంటే మగవాడు "ఆ రహా హూ" అనాలి, ఆడమనిషి "ఆ రహీ హూ" అనాలి. తెలుగులో "వస్తున్నా" అంటే అయిపోయింది. "వస్తుండా" అన్నా అంతే. నేను, నువ్వు ఉన్నంతవరకు మన క్రియలో ఆడామగా లేదు. గుర్తు పడేది మూడో మనిషి గురించి చెప్పినప్పుడే: వచ్చాడు, వచ్చింది. టైపు చేసి ఆడేవాళ్ళు అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా నెలల తరబడి తెలుగులో వేషం నిలబెట్టుకోగలరు. ఇంకో సంగతి, శత్రువు బొమ్మ ఆడదైనా మగదైనా మన కాల్‌అవుట్లలో (జట్టుకు వేసే కేకల్లో) ఎప్పుడూ "వాడు"గానే ఉంటాడు. ఎదురుగా గౌను వేసుకున్న బొమ్మ కనపడుతున్నా "రెండో ఇంట్లో ఉండాడు, నాక్ అయ్యాడు" అనే వస్తుంది నోట.

అయినా తెలుగులో రెండు ఊబులున్నాయి. ఒకటి పాత అలవాటు చెప్పడం. "ఇంతకుముందు ఫ్రీఫైర్ ఆడేవాణ్ణి", "ఆడేదాన్ని". ఇక్కడ నేనుకు కూడా ఆడామగా వచ్చిపడుతుంది. "ఇంతకుముందు ఫ్రీఫైర్ ఆడా" అంటే తప్పించుకోవచ్చు. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది ఆట మంచి వేడిలో ఉన్నప్పుడు వస్తుంది. ముగ్గురూ పోయి ఒక్కరే మిగిలినప్పుడు. "నేనొక్కణ్ణే ఉండా" అనో "నేనొక్కదాన్నే ఉండా" అనో ఆలోచన లేకుండా నోట్లోంచి ఊడిపడుతుంది. "నేను మాత్రమే ఉండా" అని ముందే అలవాటు చేసుకుంటే చిక్కు లేదు.

వేషం కోసం కాకుండా, ఆ బొమ్మలో తనను తాను చూసుకునేవాళ్ళూ ఉన్నారు. పుట్టుకతో ఇచ్చిన ఆడామగా తమకు సరిపోలేదని లోపల తెలిసినవాళ్ళకు, ఎవరూ వేలెత్తి చూపకుండా తమ పేరుతో పిలిపించుకునే మొదటి చోటు గేమే కావచ్చు. తమ లింగాన్ని తామే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. అట్టని ఆడబొమ్మ పెట్టుకున్న ప్రతి కుర్రాడికీ ఇది అంటగట్టొద్దు. బొమ్మను చూసి ఎటూ తేల్చలేం. ఇంట్లోవాళ్ళు ఫోను లాక్కుని నిలదీస్తే తెలిసేదేమీ ఉండదు, పిల్లవాడు ఇంకో ఐడీ తెరుస్తాడు, అంతే.

పెద్దవాళ్ళు చూడాల్సింది బొమ్మను కాదు, లెక్కను. ఆడ ఐడీతో నమ్మించి యూసీ (బీజీఎంఐలో డబ్బుతో కొనే నాణేలు) గిఫ్టులు, రీచార్జులు, ఓటీపీలు అడిగితే అది మోసం. కంప్యూటర్, ఫోను లాంటివి వాడి ఇంకొకరిగా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఉత్తి బొమ్మ మార్చుకున్నందుకు ఏ సెక్షనూ లేదు.

చివరగా, స్క్వాడ్‌లో పక్కన ఆడేవాళ్ళకు ఒక మాట. ఆడే జోన్ ముడుచుకుపోతోంది, ఎదురుగా ఇద్దరున్నారు, అన్నాళ్ళూ మీరు అన్నా అని పిలిచిన మేట్ మైక్‌లో "నేనొక్కదాన్నే ఉండా" అన్నది. అప్పుడు చచ్చిపడున్న ముగ్గురూ ఒక్కసారిగా "నువ్వు అమ్మాయివా?" అని మొదలుపెడితే ఆమెకు అడుగుల చప్పుడు వినపడదు, మ్యాచ్ పోతుంది, రేపటి నుంచి ఆ మనిషి కూడా రాదు. మీకు చూసే తెర ఉంది, అందులో కనపడేది చెప్పండి: "ఎడమ పక్క చెట్టు దగ్గర ఒకడు, రాయి వెనక ఇంకొకడు. ముందు స్మోక్ వెయ్యి."